మెలోడ్రామా అంటే అతినటనేనా? అపోహలు - వాస్తవాలు

నటన తరగతిలో ఎవరైనా గొంతు పెంచి గుండెలు బాదుకుంటే చాలు, పక్కవాళ్లు "మెలోడ్రామా" అనేస్తారు. సినిమా సమీక్షల్లోనూ ఆ మాట తిట్టుగానే స్థిరపడింది. రంగస్థల నటన నేర్పేవాడిగా ఈ వాడుకతో నాకు పేచీ ఉంది. దానికి అలవాటుపడిన విద్యార్థికి ఆ ప్రక్రియ కోరే కొలత ఒక పట్టాన అర్థం కాదు.

అపోహ: 'మెలో' అంటే మితిమీరినది.

వాస్తవం: గ్రీకులో 'మెలోస్' అంటే పాట, బాణీ. దానికి 'డ్రామా' చేరి ఫ్రెంచిలో స్థిరపడిన పదం అక్కడి నుంచి ఇంగ్లీషులోకి వచ్చింది. 1770లో లియోన్ నగరంలో ప్రదర్శించిన రూసో రచన 'పిగ్మాలియన్'ను ఈ ప్రక్రియకు తొలి నమూనాగా చెప్పుకుంటారు. అందులో నటుడు మాట ఆపినప్పుడు వాద్యాలు అందుకుని, అతని మనసులోని కల్లోలాన్ని వినిపిస్తాయి. ఇటాలియన్‌లో 'మెలోడ్రామా' అంటే ఒపెరా, అంటే పాటగానే సాగే నాటకం, అనే అర్థం ఉంది. 1851 నాటి వెర్డీ ఒపెరా 'రిగొలెట్టో'కు ఆ పేరే తగిలించారు, అందులో నింద ఏమీ లేదు. మన పద్యనాటకం దీనికి చుట్టమనిపించినా దారి వేరు: మన నటుడు హార్మోనియం శ్రుతిలో తానే పద్యం ఎత్తుకుని రాగం తీస్తాడు, 'పిగ్మాలియన్'లోనైతే మాట నటుడిది, రాగం వాద్యాలది.

అపోహ: నటన చేతకాకనే పెద్ద పెద్ద చేష్టలు పుట్టాయి.

వాస్తవం: 1800లో పారిస్‌లో పిక్సెరెకూర్ రాసిన 'కొయెలీనా'లో ఫ్రాన్సిస్క్ మూగవాడు. కథానాయికకు అసలు తండ్రి అతడే, కానీ ఆ సంగతి నోటితో చెప్పలేడు. అతనికి సైగలే సంభాషణ, వాటికి తోడు సంగీతం. రెండేళ్లకు హోల్‌క్రాఫ్ట్ ఆ నాటకాన్ని ఇంగ్లీషు చేసి లండన్‌లోని కవెంట్ గార్డెన్‌లో ఆడించాడు. ఆ కాలపు నాటకశాలల పరిమాణం కూడా గుర్తుంచుకోవాలి. 1794లో కొత్తగా కట్టిన డ్రూరీ లేన్‌లో సుమారు 3,600 మంది పట్టేవారు. మైకు లేని ఆ రోజుల్లో, కొవ్వొత్తులూ నూనె దీపాలూ ఇచ్చే వెలుగులో, చివరి వరుస దాకా భావం చేరాలంటే చేయి పూర్తిగా చాచక తప్పేది కాదు. ఆ చాపులోనూ శాస్త్రం ఉండేది: 1807లో హెన్రీ సిడన్స్ ఏ ఉద్వేగానికి ఏ భంగిమ తగునో బొమ్మలతో వివరిస్తూ పుస్తకమే తెచ్చాడు.

ఆ మూగవాడి ఘట్టం విద్యార్థులకు ఇచ్చినప్పుడు, మొదట అందరూ రెండు చేతులూ గాలిలో ఊపేస్తారు. చూసేవాళ్లకు ఒక్క ముక్కా అర్థం కాదు. ఒకే చేత్తో, ఒకే దిక్కుకు చూపించి, వాద్యం పలికే వాక్యం ముగిసేదాకా ఆ చేతిని కదపకుండా ఉంచమన్నాక, అతడు ఎవరికి భయపడుతున్నాడో గది చివర కూర్చున్నవారికి కూడా తెలుస్తుంది.

అపోహ: చట్టాన్ని తప్పించుకోవడానికే ఇంగ్లండులో మెలోడ్రామాను కనిపెట్టారు.

వాస్తవం: ఇది సగం నిజం. 1737 నాటి చట్టం వల్ల లండన్‌లో మాటల నాటకం ప్రధానంగా డ్రూరీ లేన్, కవెంట్ గార్డెన్‌ల హక్కుగా మిగిలింది. సంగీతం జోడిస్తే చిన్న నాటకశాలలకు వెసులుబాటు దొరికేది గనుక అవి ఈ ప్రక్రియను రెండు చేతులా అందుకున్నాయి. అయితే హోల్‌క్రాఫ్ట్ నాటకం మొదట ఎక్కింది హక్కులున్న వేదికనే. కాబట్టి చట్టం దీన్ని వ్యాపింపజేసిందే గానీ పుట్టించలేదు. ఆ గుత్తాధిపత్యం 1843లో రద్దయింది.

అపోహ: మెలోడ్రామాలో నిదానంగా నటించడం కుదరదు.

వాస్తవం: అమెరికన్ నటుడు విలియం జిలెట్‌ను చూపిస్తే చాలు. తాను రాసిన అంతర్యుద్ధకాలపు గూఢచారి మెలోడ్రామా 'సీక్రెట్ సర్వీస్'ను 1896లో న్యూయార్క్‌లో ఆడినప్పుడు, టెలిగ్రాఫ్ ఆఫీసు ఘట్టంలో ఆయన పాత్ర చేతికి తుపాకీ దెబ్బ తగులుతుంది. ఆయన అరవడు, కుప్పకూలడు. తంతి పంపే పని కొనసాగిస్తాడు.