గాజువాక క్లెయిమ్ గొడవ: సైకియాట్రీ చీటీలో ఎవరూ చదవని రెండో లైను

గాజువాక అమ్మాయి ఆసుపత్రి బిల్లు క్లెయిమ్‌ను బీమా కంపెనీ రెండోసారి తిప్పికొట్టడంతో గొడవ మళ్లీ మొదటికొచ్చింది. మానసిక జబ్బు దాచి పాలసీ తీసుకున్నారన్నది కంపెనీ మాట. రుజువు, పాలసీకి ముందు నాటి ఒక సైకియాట్రీ చీటీ.

ఆ చీటీలో మొదటి లైను: ‘చిరాకు, ఏడుపు, ఎవరితోనూ మాట్లాడదు’. రెండోది: ‘సాయంత్రాలు జ్వరం, దద్దుర్లు’. రాసిచ్చింది పది రోజుల నిద్రమాత్రలు. అమ్మాయి బట్టల షోరూంలో ఏసీ కింద నిలబడి పనిచేసేది. మధ్యాహ్నానికి చేతులు ఎర్రగా దద్దురెక్కేవి, సాయంత్రానికి కళ్లు మండేవి, ఇంటికొచ్చి తలుపేసుకునేది. సెలవు రోజున మామూలే. పని ఎగ్గొట్టే వేషాలన్నారు కొందరు. గాలి సోకిందని తాయెత్తు కట్టించారు ఇంకొందరు.

అసలు మలుపు తండ్రి దగ్గరుంది. రెండేళ్ల కిందట అమ్మాయి విపరీతమైన తలనొప్పి, వాంతులతో ఆసుపత్రిలో చేరింది. వెన్నులోంచి నీరు తీసి చూస్తే తెల్లకణాలున్నాయి, సూక్ష్మజీవి లేదు. చూడవచ్చిన కీళ్లవాతాల డాక్టరు తల్లిని అడిగారు: "వాళ్ల నాన్నగారికి చలి పడేదా?" డిసెంబర్లో బీచ్ వైపు వచ్చేవారే కాదండీ, అందావిడ. ఆయనకు నలభై దాటకముందే చెవుడు, ఆ తర్వాత కిడ్నీలు పోయాయి.

దద్దుర్లు, చెవుడు, కిడ్నీ జబ్బు ఒకే కుటుంబంలో కలిసి నడవడాన్ని మకిల్, వెల్స్ అనే డాక్టర్లు 1962లోనే రాశారు. కారణమైన ఎన్‌ఎల్‌ఆర్‌పీ3 జీన్ దొరికింది 2001లో. అందులో లోపముంటే ఒంట్లో జ్వరం, వాపు పుట్టించే ఇంటర్‌ల్యూకిన్-1 అనే ప్రొటీన్ అవసరం లేకున్నా, చలి తగిలినా చాలు, ఊరుతుంది. ఫ్లూ వచ్చినప్పుడు మనల్ని ముసుగుతన్ని పడుకోబెట్టి, పలకరిస్తే కసురుకునేలా చేసేవాటిలో అదొకటి. అమ్మాయి చిరాకుకు ఇంతకంటే వేరే కారణం వెతకాలా? ఇంటర్‌ల్యూకిన్-1ను అడ్డుకునే ఇంజెక్షన్ వాడితే గంటల్లో తేడా కనిపించిందని 2003లో బ్రిటన్ డాక్టర్లు ప్రకటించారు.

జీన్ పరీక్షలో అమ్మాయికి ఆ లోపమే తేలింది. పుట్టుకతో వచ్చింది కాబట్టి అదీ పాత జబ్బేనని కంపెనీ ఇప్పుడు రెండో వాదన ఎత్తుకుంది. జన్యువ్యాధుల మినహాయింపు చూపించి క్లెయిమ్‌లు తోసిపుచ్చొద్దని బీమా కంపెనీల నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2018 మార్చిలోనే చెప్పింది. మానసిక జబ్బుకూ మిగతా జబ్బులతో సమానంగా బీమా ఇవ్వాలన్న 2017 చట్టం ఉండనే ఉంది. ఇక మిగిలింది ఆ నిద్రమాత్రల సంగతి. పది రోజులు నిద్ర కోసం వేసుకున్నదాన్ని జబ్బని ఎలా రాస్తామంటుంది తల్లి.

హైదరాబాద్‌లో, బీమా ఫిర్యాదులు విని తేల్చే అంబుడ్స్‌మన్‌కు పంపే ఫైలు సిద్ధమైంది. అన్నిటికంటే పైన ఆ చీటీ జిరాక్సే పెట్టారు, రెండో లైను కింద ఎర్ర పెన్నుతో గీత గీసి.