ట్రాక్ మీద ఏబీఎస్ ఉంచాలా, పీకేయాలా?

ట్రాక్ డే, అంటే సొంత కారుని రేస్ ట్రాక్ మీద తోలే రోజు అనగానే ఎవరో ఒకరు చెప్తారు, ఏబీఎస్ (గట్టిగా బ్రేక్ వేసినా చక్రాలు లాక్ అవ్వకుండా చూసేది) ఫ్యూజ్ పీకెయ్, బాగా తోలేవాడికి అది అడ్డమే అని. పాత కార్ల విషయంలో ఈ మాట కొంత నిజం, ఇప్పటి కార్లకి చాలావరకు తప్పు, ఆ కొంత నిజం ఎక్కడ మిగిలుందో తెలుసుకుంటే చాలు.

ముందు టైర్ సంగతి చూద్దాం. గట్టిగా బ్రేక్ వేసినప్పుడు చక్రం కారు వేగం కంటే కాస్త నెమ్మదిగా తిరుగుతుంది, ఆ తేడానే స్లిప్ అంటారు. పొడి తారు రోడ్డు మీద స్లిప్ సుమారు 10 నుంచి 20 శాతం దగ్గర ఉన్నప్పుడు గ్రిప్ బాగా దొరుకుతుంది, అది దాటితే చక్రం లాక్ అయిపోయి రబ్బరు జారడం మొదలవుతుంది. ఒక లెక్క వేద్దాం. గంటకి 100 కిలోమీటర్ల వేగం, గ్రిప్ గుణకం (కారు బరువుతో పోలిస్తే టైర్లు రోడ్డుని పట్టుకునే బలం) 1 అనుకుంటే కారు దాదాపు 39 మీటర్లలో ఆగుతుంది, లాక్ అయ్యి అది 0.8కి పడిపోతే 49 మీటర్లు కావాలి. పది మీటర్లే కదా అనిపిస్తుంది గానీ, మొదటి కారు ఆగిపోయిన చోట రెండోది ఇంకా 45 కిలోమీటర్ల వేగంతో పోతూ ఉంటుంది, పైగా ముందు చక్రాలు లాక్ అయితే స్టీరింగ్ ఎటు తిప్పినా కారు నేరుగానే పోతుంది.

ఏబీఎస్ చేసేది ఏంటంటే, ప్రతి చక్రం దగ్గర ఒక సెన్సార్ పెట్టి, ఏదైనా చక్రం వేగం మరీ త్వరగా పడిపోతుంటే దానికి వెళ్లే ప్రెషర్ ఆపేసి, అవసరమైతే కొంత వదిలేసి, చక్రం పుంజుకోగానే మళ్లీ ఎక్కిస్తుంది, ఇదంతా సెకనుకి పదిసార్లు ఆ పైన. పెడల్ కింద గడగడమనేది అదే. ఎంత గొప్ప డ్రైవరైనా కాలు ఒకటే, పెడల్ ఒకటే. ఎడమ చక్రం తడి మీద, కుడి చక్రం పొడి మీద ఉంటే కాలితో విడివిడిగా ప్రెషర్ ఇవ్వడం కుదరదు, ఏబీఎస్ ఇవ్వగలదు. 1993 నాటి ఫార్ములా వన్ రేసు కారు విలియమ్స్ ఎఫ్‌డబ్ల్యూ15సీలో ఏబీఎస్ ఉంది, 1994 నుంచి ఫార్ములా వన్‌లో దాన్ని నిషేధించారు, పనికిరాదని కాదు, డ్రైవర్ చేయాల్సిన పని కారు చేసేస్తోందని. రోడ్డు కార్ల నుంచి తయారయ్యే జీటీ3 రేసు కార్లలో మాత్రం ఇప్పటికీ ఉంది, వానకి ఒకలా, పొడికి ఒకలా నాబ్ తిప్పుకుంటూ తోలతారు.

మరి నష్టాలు? రోడ్డు కార్లలో ఏబీఎస్‌ని ట్రాక్ కోసం ట్యూన్ చేయరు, భయపడి పెడల్ తొక్కేసిన మామూలు డ్రైవర్ కోసం చేస్తారు. చాలా కార్లలో వెనక రెండు చక్రాలకీ తక్కువ గ్రిప్ ఉన్నదాని ప్రకారమే ప్రెషర్ ఇస్తారు, కారు గిర్రున తిరిగిపోకుండా ఉండటానికి, దానివల్ల కొంచెం బ్రేకింగ్ పోతుంది. దీనికన్నా భయపెట్టేది డ్రైవర్లు ఐస్ మోడ్ అని పిలిచేది. రోడ్డుకి బాగా అతుక్కునే స్టిక్కీ టైర్లు వేసుకుని, గతుకు మీదో చిన్న ఎత్తు దాటిన వెంటనో ఒక్కసారిగా పెడల్ తొక్కితే, బరువు తగ్గిన చక్రం ఠక్కున ఆగిపోతుంది, కంప్యూటర్ దాన్ని మంచు అనుకుని ప్రెషర్ తీసేస్తుంది, పెడల్ గట్టిపడిపోతుంది, కారు మాత్రం పోతూనే ఉంటుంది. 150 వేగంలో అర సెకను అంటే 20 మీటర్లకు పైనే, ఇది చిన్న విషయం కాదు. అలా అయితే పెడల్ కాస్త వదిలి మళ్లీ తొక్కాలి, అసలు రాకుండా ఉండాలంటే మొదట్లో కొద్దిగా నొక్కి, బరువు ముందుకి వచ్చాక గట్టిగా పిండాలి.

అయినా ఫ్యూజ్ పీకమని నేను ఎవరికీ చెప్పను. కారణం చాలామందికి తెలియదు, ఇప్పటి కార్లలో ముందు వెనక చక్రాలకి బ్రేకింగ్ పంచే ఈబీడీ కూడా అదే మాడ్యూల్‌లో ఉంటుంది. ఫ్యూజ్ తీస్తే అది కూడా పోతుంది, కారు జారి తిరగకుండా సర్దే ఈఎస్‌సీ కూడా పోతుంది, అప్పుడు గట్టిగా బ్రేక్ వేస్తే వెనక చక్రాలు ముందే లాక్ అయ్యి కారు గిర్రున తిరిగే ప్రమాదం ఉంది. ఏబీఎస్ ఉంచుకుని, అది గడగడలాడే అంచు దాకా మాత్రమే బ్రేక్ వేయడం నేర్చుకోవడం మేలు, పెడల్ కొట్టుకుంటుంటే గ్రిప్ అంచు దాటావని అర్థం. ఏబీఎస్ ఉన్నా, వేగం ఎక్కువై మలుపులోకి వచ్చినవాడికి కొత్త గ్రిప్ ఎక్కడి నుంచీ రాదు.

కంకర, వదులు మట్టి, తాజా మంచు మీద మాత్రం లెక్క మారుతుంది. లాక్ అయిన చక్రం ముందు మట్టి గుట్టగా పోగై కారుని ఆపుతుంది, ఏబీఎస్ దాన్ని పోగవ్వనివ్వదు, అందుకే అక్కడ ఆగే దూరం పెరుగుతుంది. మన దేశంలో 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన బైకులన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి కదా, అయినా రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్‌లో వెనక చక్రానికి ఏబీఎస్ ఆపుకునే బటన్ ఇచ్చారు, కేటీఎం 390 డ్యూక్ సూపర్‌మోటో మోడ్ కూడా వెనక ఏబీఎస్‌నే ఆపుతుంది. వెనక చక్రం జారితే సర్దుకోవచ్చు, ముందుది లాక్ అయితే బైక్ పడిపోయేలోపు ఏం చేయడానికీ టైం ఉండదు.