ఈగ దూరే సందు

తేనెటీగల పెంపకం నేర్చుకోవడానికి ఏ పుస్తకం చదవాలి అంటే, ముందు 1853 నాటిదే చదవమంటాను: అమెరికా పాస్టర్ లాంగ్‌స్ట్రాత్ రాసిన 'ది హైవ్ అండ్ ది హనీ బీ'. కాపీరైటు తీరిపోయింది, ఉచితంగానే దొరుకుతుంది. రోగాల సంగతి పాతబడింది గానీ పెట్టె సంగతి పాతబడలేదు.

ఆ పెట్టె ప్రాణమంతా ఒక సందులో ఉంది. రెండు చెక్కల మధ్య ఖాళీ 6 నుంచి 9 మిల్లీమీటర్లు ఉంటే ఈగలు దాన్ని నడకదారిగా వదిలేస్తాయి. అంతకన్నా ఇరుకైతే చెట్ల జిగురు తెచ్చి మెత్తేస్తాయి. వెడల్పయితే మైనంతో పట్టు కట్టేస్తాయి. రెండింటిలో ఏది జరిగినా ఫ్రేము, అంటే పట్టును పట్టి ఉంచే చెక్క చట్రం, కదలదు. బలవంతంగా లాగితే పట్టు చిరిగి తేనె కారుతుంది, ఆ వాసనకు పక్క పెట్టెల ఈగలు దోపిడీకి దిగుతాయి. ఒక్కోసారి రాణి కూడా నలిగిపోతుంది.

మూత కింద ఈ సందు వదలడం లాంగ్‌స్ట్రాత్‌కు ముందే అలవాటు. 1851లో దాన్నే ఫ్రేము పక్కలకూ వర్తింపజేశాడు, మరుసటి ఏడాది పేటెంటు వచ్చింది. నేటి లాంగ్‌స్ట్రాత్ పెట్టె లోపలి పొడవు 465 మిల్లీమీటర్లు, ఫ్రేము 448. మిగిలిన 17ను రెండు పక్కలా పంచితే ఎనిమిదిన్నర!

ఆయనకు ముందు జెనీవాలో హ్యూబర్ ఉన్నాడు. చూపులేని మనిషి, సహాయకుడు బర్నెన్స్ కళ్లతో పరిశీలించి 1792లో పుస్తకం అచ్చువేశాడు. ఆయన పెట్టె పుస్తకం పేజీల్లా తెరుచుకునేది. పరిశీలనకు అద్భుతం, రైతుకు మాత్రం పనికిరాదు: ఫ్రేముల అంచులే గోడలు కావడంతో, మూసిన ప్రతిసారీ మధ్యలో ఈగలు నలిగేవి.

చరిత్ర కావాలంటే తేనెటీగల పరిశోధకురాలు ఈవా క్రేన్ 1999లో తెచ్చిన తేనెటీగల పెంపకపు ప్రపంచ చరిత్ర ఉంది. బండ పుస్తకం, కావలసిన అధ్యాయం చూసుకుంటే చాలు. పాత పుస్తకాలన్నీ నమ్మదగ్గవి కావు: చచ్చిన ఎద్దు కళేబరంలోంచి తేనెటీగలు పుడతాయని ప్రాచీన రోమన్ కవి వర్జిల్ పద్యాల్లో రాశాడు. మహాకవి రాసినంత మాత్రాన ఈగలు ఒప్పుకోవు కదా!

పాశ్చాత్య పుస్తకాల కొలతలు ఐరోపా ఈగవి. దాని పిల్లల పట్టు మందం సుమారు 25 మిల్లీమీటర్లు, వీపు వీపు ఆనించి రెండు ఈగలు నడవడానికి 10, మొత్తం 35. అందుకే ఒక ఫ్రేము మధ్యగీత నుంచి పక్క ఫ్రేము మధ్యగీతకు 35 దూరం ఉంటుంది. మన పుట్టతేనెటీగ చిన్నది, దానికి 30–32 చాలు. 35 ఇస్తే ఫ్రేముల మధ్య అడ్డదిడ్డంగా కడుతుంది. ఇంకో తేడా, ఇది చెట్ల జిగురు దాదాపు వాడదు. కాబట్టి పుస్తకంలో అంటుకుపోవడం గురించి రాసిన పేజీలు దానికి అంతగా వర్తించవు.

తేనె గదిలో, అంటే తేనె నిల్వకు పెట్టే పై పెట్టెలో, పదింటి చోట తొమ్మిది ఫ్రేములు పెడితే పట్టు లావెక్కుతుందన్న సలహా నిజమే. అయితే పదీ కట్టడం పూర్తయ్యాకే ఒకటి తీయాలి. పట్టు కట్టడానికి ఆధారంగా ఇచ్చే ఖాళీ మైనపు రేకులతోనే తొమ్మిది పెడితే మధ్యలో కొత్త పట్టు దిగుతుంది.

కొత్త పెట్టె కొనేముందు రెండు డ్రిల్ బిట్లు వెంట తీసుకెళ్లండి, 8 మిల్లీమీటర్లది ఒకటి, 10ది ఒకటి. ఫ్రేము అంచుకూ గోడకూ మధ్య 8 దూరాలి, 10 దూరకూడదు. పచ్చి కలపతో చేసిన పెట్టె ఎండి కుంచించుకుపోతుంది కాబట్టి ఎండాకాలంలో మళ్లీ కొలవండి.