ఆ 3.9 సెకన్ల విజిల్‌కు మూలం 2004లో ఉంది

అమెరికా మహిళల కళాశాల బాస్కెట్‌బాల్ సెమీఫైనల్ 2024 ఏప్రిల్ 5న క్లీవ్‌లాండ్‌లో జరిగింది. అయోవా 71-69తో యూకాన్‌ను (కనెక్టికట్ విశ్వవిద్యాలయ జట్టు) ఓడించింది గాని, చర్చంతా యూకాన్ క్రీడాకారిణి ఆలియా ఎడ్వర్డ్స్‌పై ఇచ్చిన స్క్రీన్ ఫౌల్ చుట్టూనే తిరిగింది. సహచరికి దారి ఇవ్వడానికి డిఫెండర్‌కు దేహంతో అడ్డు నిలవడమే స్క్రీన్; అది నియమం తప్పితే ఫౌల్. 3.9 సెకన్లు మిగిలి ఉండగా, యూకాన్ ఒక్క పాయింట్ వెనుకబడి ఉన్న దశలో, తన సహచరి పెయిజ్ బెకర్స్‌ను వెంటాడుతున్న అయోవా డిఫెండర్ గాబీ మార్షల్‌కు ఎడ్వర్డ్స్ అడ్డు నిలిచింది. రిఫరీ విజిల్ వేయడంతో బంతి అయోవాకు దక్కింది.

స్క్రీన్ నియమం కొత్తది కాదు. కొత్తగా పెరిగింది దాని బరువు. 2004-05 సీజన్‌లో అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏ, బంతి తెస్తున్న ఆటగాడిని డిఫెండర్ చేతితో తాకుతూ దారి మళ్లించడాన్ని కట్టడి చేసింది. అదే ఏడాది స్టీవ్ నాష్ నడిపిన ఫీనిక్స్ సన్స్ పిక్ అండ్ రోల్‌ను (స్క్రీన్ వేసి, వెంటనే బాస్కెట్ వైపు కదిలే ఎత్తుగడ) ప్రధానాస్త్రంగా చేసుకుని 62 విజయాలు సాధించింది. కళాశాల క్రీడ కూడా 2013-14లో చేతి వాడకంపై నిబంధనలను బిగించి అదే బాట పట్టింది. చేతులు కట్టేసిన డిఫెండర్‌కు మిగిలిన రక్షణ ఒక్కటే: స్క్రీన్ వేసేవారు కదలకుండా నిలబడాలన్న షరతు. దాన్ని కూడా సడలిస్తే దాడి చేసే జట్టును ఆపే మార్గమే ఉండదు.

అందుకే నియమం అంత వివరంగా ఉంటుంది. పాదాల మధ్య దూరం సుమారు భుజాల వెడల్పు మేరకే ఉండాలి, దేహం తన నిలువు పరిధి దాటకూడదు. ఎదుటివారు కదులుతుంటే వారు ఆగడానికో, పక్కకు తప్పుకోవడానికో చోటు వదలాలి. అంతర్జాతీయ సమాఖ్య నియమావళి దీన్ని ఒకటి నుంచి రెండు మామూలు అంగలుగా నిర్దేశిస్తుంది. క్లీవ్‌లాండ్ రీప్లేలో ఎడ్వర్డ్స్ పాదాలు ఎడంగా ఉండటం, మార్షల్ దాటిపోతుండగా ఆమె భుజం, మోచేయి అటు వాలడం కనిపిస్తాయి. తన స్క్రీన్ సక్రమమేనని ఎడ్వర్డ్స్ అంది. అయితే నియమం ప్రకారం అది ఫౌలే.

ప్రతి పొసెషన్‌లోనూ (బంతి ఒక జట్టు చేతిలో ఉండే ప్రతి దఫా) ఇలాంటి ఫౌల్ ఒకటి ఇవ్వవచ్చని యూకాన్ కోచ్ జీనో ఆరియెమ్మా అన్నారు. అది నిజమే. 2012 మే 14న ఫిలడెల్ఫియాతో ఎన్‌బీఏ ప్లేఆఫ్ పోరు చివరి క్షణాల్లో బోస్టన్ ఆటగాడు కెవిన్ గార్నెట్‌పై ఇదే ఫౌల్ ఇచ్చినప్పుడూ, బోస్టన్ 82-81తో ఓడినప్పుడూ ఇలాంటి వాదనే వినిపించింది. కానీ ఆ వాదన తప్పుబట్టాల్సింది ఆఖరి విజిల్‌ను కాదు, అంతకుముందు 39 నిమిషాల్లో మోగని విజిళ్లను. మ్యాచ్‌లోని ఒక్క ఘట్టంతో గెలుపోటములు తేలవని బెకర్స్ స్వయంగా చెప్పింది.

కళాశాల ఆటలో ఇటువంటి సాధారణ ఫౌల్ నిర్ణయాన్ని వీడియో చూసి మార్చే వీలు రిఫరీలకు లేదు. కాబట్టి ఈ ప్రమాణాన్ని తొలి క్వార్టర్‌లోనే, మొదటి కదిలే స్క్రీన్‌కే అమలు చేయాలి.