సూదంటురాయి: అపోహలు – వాస్తవాలు

ఒంగోలు దగ్గరి కొణిజేడు కొండల్లో మాగ్నెటైట్ అనే ఇనుప ఖనిజం కలిసిన క్వార్ట్‌జైట్ రాళ్లు విస్తారంగా ఉన్నాయి. అటువంటి చోట్లకు క్షేత్ర పర్యటనకు వెళ్లివచ్చిన నా భూగర్భశాస్త్ర విద్యార్థులు బరువైన నల్లరాయి ఒకటి నా బల్ల మీద పెట్టి, దానికి అయస్కాంతాన్ని అంటించి చూపి, "సార్, సూదంటురాయి దొరికింది" అంటారు. వాళ్ల సంబరం నాకు ఎంతో ఇష్టం. అయినా ఆ అయస్కాంతాన్ని పక్కన పెట్టించి, ఒక గుండుసూదిని రాతి దగ్గరకు తీసుకెళ్లమంటాను. ఇంతవరకు ఏ సూదీ కదలలేదు.

అపోహ: అయస్కాంతం అంటుకునే నల్లరాయి ఏదైనా సూదంటురాయే.

అయస్కాంతానికి లోబడటం వేరు, తానే అయస్కాంతం కావడం వేరు. మన తెలుగు పేరులోనే పరీక్ష ఇమిడి ఉంది: సూదిని తనంతట తాను అంటించుకునే రాయే సూదంటురాయి. ఇంకా గట్టి పరీక్ష దిక్సూచితో జరుగుతుంది. మామూలు మాగ్నెటైట్ ముక్కను ఎటు తిప్పి పట్టినా దిక్సూచి ముల్లు రెండు కొసలూ దాని వైపు మొగ్గుతాయి. సూదంటురాయి అయితే ఒక ముఖంతో ఉత్తరపు కొసను లాగుతుంది, ఎదుటి ముఖంతో అదే కొసను నెడుతుంది. ఆ నెట్టుడు కనిపిస్తే తప్ప నేను ఏ రాయినీ సూదంటురాయిగా ఒప్పుకోను.

రెండింటిలోనూ ఉన్నది ఇనుము, ఆక్సిజన్ కలిసిన ఒకే ఖనిజం, అందులో బరువు ప్రకారం సుమారు 72 శాతం ఇనుమే. మరి కొద్ది రాళ్లే అయస్కాంతాలు ఎందుకయ్యాయి? భూమి అయస్కాంత క్షేత్రం చాలా బలహీనమైనది కనుక, అది ఒక్కటే రాతికి ఇంత బలం ఇవ్వలేదు. పిడుగు పడినప్పుడు వేల ఆంపియర్ల విద్యుత్తు క్షణంలో నేలలోకి దిగి, చుట్టూ అతి బలమైన అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తుంది, రాయి అయస్కాంతంగా మారేది దానివల్లేనన్నది వివరణ. సూదంటురాళ్లు లోతైన గనుల్లో కాక నేల పైపొరల్లోనే దొరకడం ఈ వివరణకు బలమిస్తోంది. అయితే పిడుగు ఒక్కటే చాలదు, వచ్చిన గుణాన్ని నిలుపుకోగల సూక్ష్మ నిర్మాణం కూడా రాతిలో ఉండాలి. ఆ గుణమూ శాశ్వతం కాదు. సుమారు 580 డిగ్రీల సెల్సియస్ దాటేలా కాలిస్తే అది పోతుంది.

అపోహ: సూదంటురాయిని మొదటినుంచీ ఓడల్లో దిక్కు చూడటానికే వాడారు.

దిక్కు సంగతి తెలియడానికి చాలా ముందే ఆకర్షణ సంగతి తెలుసు. క్రీస్తుపూర్వం 3వ శతాబ్దపు చైనా గ్రంథం లూషీ చున్‌చియూలో ఈ రాయి ఇనుమును లాగుతుందన్న ప్రస్తావన ఉంది. దిక్కు చూపే గుణాన్ని తెలుసుకున్నాక కూడా చైనీయులు దాన్ని ఎక్కువగా భవిష్యం చెప్పడానికి, ఇళ్లకూ సమాధులకూ స్థలం కుదర్చడానికి వాడారు. 1044 నాటి ఒక సైనిక గ్రంథం ఇంకో మార్గం చెబుతుంది. చేప ఆకారంలో కత్తిరించిన పల్చటి ఇనుప రేకును ఎర్రగా కాల్చి, తోకను ఉత్తరానికి ఉంచి నీటిలో ముంచి చల్లార్చాలి. తర్వాత నీటిపై తేలనిస్తే అది దిక్కు చూపుతుంది. ఇందులో రాతి ప్రమేయమే లేదు, చల్లారుతున్న ఇనుములో భూమి క్షేత్రమే కొంత గుణాన్ని నిలిపింది. నాకు ఈ మొత్తం చరిత్రలో అన్నిటికంటే అబ్బురంగా తోచేది ఇదే. 1088 ప్రాంతంలో చైనా పండితుడు షెన్ కువో, రాతికి రుద్దిన సూదిని పట్టుదారంతో వేలాడదీసే పద్ధతిని వర్ణిస్తూ, అది సరిగ్గా దక్షిణాన్ని కాక కాస్త తూర్పుకు జరిగి చూపుతుందని కూడా రాశాడు. ఓడల్లో సూది వాడకం గురించిన చైనా ప్రస్తావన 12వ శతాబ్దం తొలినాళ్లది. ఐరోపాలో అదే శతాబ్దం చివర ఆంగ్ల పండితుడు అలెగ్జాండర్ నెకమ్ రాతల్లో అది కనిపిస్తుంది.

నావికుడికి దిక్కు చూపింది సూదే, రాయి కాదు. రాయి బరువైనది, సులువుగా తిరగదు. సూదికి గుణం ఎక్కించడమే దాని పని. ఆనాటి మెత్తని ఇనుప సూదుల్లో ఆ గుణం త్వరగా తగ్గిపోయేది కాబట్టి, మళ్లీ రుద్దడం కోసం ఓడలో ఒక సూదంటురాయిని భద్రంగా ఉంచుకునేవారు.

అపోహ: వెల్లుల్లి తగిలితే సూదంటురాయి శక్తి పోతుంది.

ఐరోపాలో ఈ నమ్మకం వందల ఏళ్లు నడిచింది. ఇటలీ పండితుడు డెల్లా పోర్టా రాతికి వెల్లుల్లి రసం పూసి చూసి, ఏ మార్పూ లేదని 1589లో ప్రకటించాడు.

అపోహ: సముద్రంలోని అయస్కాంత పర్వతాలు ఓడల మేకులను ఊడలాగేవి, కోణార్క గుడి శిఖరంపై రాయి ఓడలను దారి తప్పించేది.

ఇనుప మేకులున్న ఓడలను పట్టి ఆపే దీవుల కథ ప్రాచీన గ్రీకు పండితుడు టోలెమీ భూగోళ గ్రంథంలోనే ఉంది. భోజుని పేరిట ప్రసిద్ధమైన సంస్కృత గ్రంథం యుక్తికల్పతరువు కూడా ఇదే భయంతో ఓడ అడుగు పలకలకు ఇనుము వాడవద్దంటుంది. నిజానికి మన కోరమాండల్ తీరపు మసులా పడవల పలకలను తాళ్లతో కుట్టింది అలల దెబ్బకు విరగకుండా సాగడం కోసం. అయస్కాంతానికి దూరమయ్యే కొద్దీ దాని క్షేత్రం దూరం ఘనానికి విలోమంగా తగ్గుతుంది, అంటే పది రెట్ల దూరంలో వెయ్యో వంతే మిగులుతుంది. సూదంటురాయి చేరువలోని దిక్సూచిని తప్పుదారి పట్టించగలదు, కిలోమీటర్ల అవతలి ఓడను కదిలించలేదు. కోణార్కలో ఇప్పటికీ కనిపించే పెద్ద ఇనుప దూలాలు నిర్మాణానికి ఆసరాగా పెట్టినవి. ఇక స్థిర అయస్కాంతాల నడుమ విగ్రహం గాలిలో నిలకడగా తేలిందన్న కథల విషయానికొస్తే, స్థిరమైన అయస్కాంతాల అమరికతో మాత్రమే అలాంటి నిలకడ కుదరదని ఎర్న్‌షా సిద్ధాంతం చెబుతోంది.

అపోహ: రక్తంలో ఇనుము ఉంది కనుక ఈ రాయిని ఒంటిపై ధరిస్తే రక్తప్రసరణ మెరుగవుతుంది.

హీమోగ్లోబిన్‌లోని ఇనుము లోహపు ముక్క కాదు, గుండుసూదిలా అయస్కాంతానికి స్పందించదు. నొప్పులకు ఇటువంటి రాళ్లు కొని చికిత్స వాయిదా వేసుకునేవారిని చూస్తే నాకు బాధ కలుగుతుంది. వైద్యంలో ఈ రాతికి నిజమైన ప్రాచీన ఉపయోగం ఒకటి ఉంది, అది సుశ్రుత సంహితలో శల్యాన్ని, అంటే ఒంట్లో గుచ్చుకున్న వస్తువును, తీసే పద్ధతుల్లో ఒకటిగా కనిపిస్తుంది. ఒంట్లో దిగిన ఇనుప ముక్కను అయస్కాంతంతో లాగాలంటే అది దిగిన దారికి అనుకూలంగా ఉండాలి, ఎక్కడా చిక్కుకుని ఉండకూడదు, దానికి వెనక్కి తిరిగిన కొక్కేలు ఉండకూడదు, గాయం నోరు వెడల్పుగా ఉండాలి. ఈ షరతులు కుదరని శల్యాలకు ఆ గ్రంథం వేరే పద్ధతులు చెబుతుంది.