టైమ్ కనుక్కోవడానికి వెళ్లిన కుర్రాడు

మా ల్యాబులో పాత కంప్యూటరు ఆన్ చేసినప్పుడల్లా 2009 జనవరి 1 అని చూపిస్తోంది, ఏ వెబ్‌సైటూ తెరుచుకోదు, కాసేపటికి తేదీ దానంతటదే సర్దుకుంటోంది, ఇది వైరసా అని ఒక టీచరు అడిగారు. వైరస్ కాదు. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత ఉండే సీఆర్2032 సెల్ అయిపోయింది, అంతే.

కంప్యూటరు ఆపేసినా ఆ సెల్ బలంతోనే ఒక చిన్న క్వార్ట్జ్ ముక్క సెకనుకు 32,768 సార్లు కంపిస్తూ ఉంటుంది. ఆ సంఖ్యను 15 సార్లు సగం చేస్తే సరిగ్గా 1 వస్తుంది. సెకను పుట్టేది అలాగే. సెల్ బాగున్నా రోజుకు ఒకటి రెండు సెకన్లు అటూ ఇటూ కావడం మామూలే. సెల్ పోతే మాత్రం బోర్డు తయారీదారు పెట్టిన తేదీ నుంచి లెక్క మొదలవుతుంది. వెబ్‌సైటు అసలైనదేనని చూపే సర్టిఫికెట్లకు మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ ఉంటాయి. 2009లో ఉన్నాననుకునే కంప్యూటరు వాటిని ఇంకా మొదలే కాలేదని తోసిపుచ్చుతుంది.

మరి తేదీ తనంతట తాను ఎలా సర్దుకుంటోంది? నాకు ఎంతో ఇష్టమైన సంగతి ఇదే. అమెరికా కంప్యూటర్ శాస్త్రవేత్త డేవిడ్ మిల్స్ 1985లో రూపొందించిన ఎన్‌టీపీ (నెట్‌వర్క్ టైమ్ ప్రోటోకాల్) అనే పద్ధతి ఆ పని చేస్తుంది. నెట్ అందగానే కంప్యూటరు ఒక సర్వర్‌ను టైమ్ అడుగుతుంది. కానీ జవాబు దారిలో ఉండగానే పాతబడిపోతుంది కదా!

ఇంట్లో గడియారం నమ్మకంగా లేదనుకోండి. టైమ్ కనుక్కుని రమ్మని కుర్రాణ్ణి రైల్వే స్టేషనుకు పంపారు. బయల్దేరినప్పుడు మన గడియారంలో 10:00. వాడు చేరేసరికి స్టేషన్ గడియారంలో 10:27. అక్కడ రెండు నిమిషాలు నిలబడి 10:29కి తిరుగుముఖం పట్టాడు. ఇల్లు చేరేసరికి మన గడియారంలో 10:22. వెళ్లేటప్పటి అంకెలు చూస్తే స్టేషన్ గడియారం 27 నిమిషాలు ముందుంది, వచ్చేటప్పటివి చూస్తే 7 నిమిషాలే. మొదటి తేడాలో నడక కలిసింది, రెండోదాంట్లోంచి అంతే నడక పోయింది. రెండూ కూడి సగం చేస్తే నడక కొట్టుకుపోయి 17 మిగులుతుంది. మన గడియారం 17 నిమిషాలు వెనకుంది! 27లోంచి 7 తీసి సగం చేస్తే నడక ఎంతో కూడా తెలుస్తుంది: 10 నిమిషాలు. దారి ఎంత దూరమో ఎవరూ కొలవలేదు, నాలుగు అంకెలే చెప్పాయి.

ఒక్క షరతు ఉంది: రాను, పోను ఒకే సమయం పట్టాలి. వెళ్లడానికి 15, రావడానికి 5 నిమిషాలు పట్టి ఉంటే 17కి బదులు 22 వస్తుంది. తప్పు 5 నిమిషాలు, అంటే రెండు నడకల తేడాలో సగం. అది ఆ నాలుగు అంకెల్లో ఎక్కడా కనిపించదు. అందుకే ఎన్‌టీపీ పలు సర్వర్లను పలుమార్లు అడుగుతుంది. బడిలో గడియారం చూడటం నేర్పుతాం గానీ రెండు గడియారాలను పోల్చడం నేర్పం. ఇద్దరు పిల్లలు, రెండు గడియారాలు, ఒక వరండా ఉంటే ఇది అరగంటలో చేయించగల పాఠం.

తేడా తెలిశాక దిద్దడం మరో సమస్య. పనులు నడుస్తుండగా టైమ్‌ను వెనక్కి లాగితే ఇప్పుడే దాచిన ఫైలు రేపటిదిగా కనిపించవచ్చు. అందుకే చిన్న తేడాలను నెమ్మదిగా, సెకనుకు 500 మైక్రోసెకన్లు (సెకనులో రెండువేలవ వంతు) మించకుండా దిద్దుతారు. ఈ లెక్కన మన 17 నిమిషాలు దిద్దడానికి 23 రోజులు దాటుతుంది. పైగా ఎన్‌టీపీని నడిపే ఎన్‌టీపీడీ అనే ప్రోగ్రాము తేడా 1000 సెకన్లు మించితే ఏదో పెద్ద పొరపాటు జరిగిందని ఆగిపోతుంది. మన తేడా 1020! అయితే స్టార్టప్‌లో ఒక్కసారికి ఎంత పెద్ద గెంతుకైనా అనుమతి ఇచ్చే ఆప్షన్ దానికి ఉంది. అప్పటికి ఇంకా ఎవరూ ఆ టైమ్‌ను నమ్ముకుని పని మొదలుపెట్టలేదు కాబట్టి అదే సరైన అదను.

టీచరు గారు సెల్ మార్పిస్తే చాలు. మార్చాక కూడా సరిగ్గా అయిదున్నర గంటల తేడా కనిపిస్తే ఆ కంప్యూటరులో విండోస్, లినక్స్ రెండూ ఉన్నాయేమో చూడండి. బోర్డు మీది గడియారాన్ని విండోస్ మన టైమ్‌గా చదువుతుంది, లినక్స్ మామూలుగా యూటీసీగా, అంటే మనకంటే అయిదున్నర గంటలు వెనకుండే ప్రపంచ ప్రామాణిక సమయంగా చదువుతుంది.