త్రీడీ తెరలో దొంగ అంచు

దేవుని కడప గుడి దగ్గర అంగళ్లలో గరుకు గరుకుగా ఉండే ప్లాస్టిక్ పటాలు చూసే ఉంటారు. ఇటు నుంచి చూస్తే వెంకటేశ్వరస్వామి, అటు నుంచి చూస్తే పద్మావతమ్మ. గోటితో గీరితే పైనున్న సన్నటి నిలువు గట్లు గరగరా తగులుతాయి. ఒక్కో గట్టూ ఒక కటకం. అడుగున పేలికలుగా అచ్చేసిన రెండు బొమ్మల్ని అది చెరో దిక్కుకు పంపుతుంది.

కళ్లద్దాల్లేని త్రీడీ తెర చేసేదీ ఇదే. అచ్చు బొమ్మ బదులు అక్కడ పిక్సెళ్లు ఉంటాయి. మన కళ్ల మధ్య ఎడం సుమారు 6.3 సెంటీమీటర్లు, అంత దగ్గరలోనే ఒక బొమ్మ ఎడమకంటికి, ఇంకోటి కుడికంటికి చేరాలి. కటకాలకు బదులు సన్నటి చీలికల అడ్డుతెర పెట్టినా పని జరుగుతుంది. దానికి అమెరికా ఆవిష్కర్త ఫ్రెడరిక్ ఐవ్స్ 1903లోనే పేటెంటు పొందాడు. 2011లో వచ్చిన చేతి ఆటల యంత్రం నింటెండో త్రీడీఎస్‌లో ఉన్నది ఆ ఉపాయమే.

పటాన్ని సరిగ్గా ఎదురుగా పట్టుకుంటే స్వామి నామాల మీద అమ్మవారి ముఖం లీలగా కనిపిస్తుంది. ఒక దిక్కుకు పోవాల్సిన వెలుగు కొంత పక్కకు కారడం వల్ల అలా అవుతుంది. దీన్ని క్రాస్‌టాక్ అంటారు. పటంలో అది తమాషా. తెరలో మాత్రం నిజంగానే తలనొప్పి తెప్పిస్తుంది.

గండికోట ఫొటో తీసుకుందాం. పెన్నా లోయ అంచున నీడలో నల్లటి గోడ, వెనక తెల్లటి ఆకాశం. ఎడమ బొమ్మలో గోడ ఉన్న చోటే కుడి బొమ్మలో ఆకాశం ఉందనుకోండి. నూటికి 5 పాళ్లు కారినా చాలు, నల్లగా ఉండాల్సిన చోట వెలుగు పడి గోడకు ఇంకో అంచు పుడుతుంది. నలుపు తెలుపుల తేడా ఎంత ఎక్కువైతే ఈ దొంగ అంచు అంత కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

సాఫ్ట్‌వేర్ దీన్ని తీసివేతతో సరిచేస్తుంది. 60 వెలుగు కావాల్సిన చోట పక్కనుంచి 5 కారుతుందని తెలిస్తే 55 మాత్రమే పంపుతుంది, కంటికి 60 అందుతుంది. ఈ లెక్క పిక్సెల్ అంకెల్లో కాకుండా వెలుగులో వేయాలి. 0 నుంచి 255 దాకా ఉండే ఆ అంకెల్లో 128 అన్న పిక్సెల్ ఇచ్చేది సగం వెలుగు కాదు, మామూలు తెరల్లో సుమారు 22 శాతమే. అది మరిస్తే దిద్దుబాటే కొత్త మరకలు వేస్తుంది.

మరి సున్నాలోంచి 5 తీయమంటే? తెర మైనస్ వెలుగు ఇవ్వలేదు కదా. అందుకే ముందు నలుపునంతా కాస్త బూడిద రంగుకు జరుపుతారు. అప్పుడు తీయడానికి చోటు దొరుకుతుంది. గోడ కొంచెం వెలిసినట్టుంటుంది గానీ దొంగ అంచు మాయమవుతుంది. నా మటుకు నాకు అది గిట్టుబాటు బేరమే. బొమ్మంతా వెలవకుండా, దొంగ అంచు పుట్టే చోట మాత్రమే నలుపును మెల్లగా లేపే పద్ధతులూ ఉన్నాయి.

కారే వెలుగు తెరంతటా ఒకేలా ఉండదు, తల కదిలితే మారుతుంది. అందుకే కొన్ని తెరలు కెమెరాతో కళ్లను వెతికి, ఏ పిక్సెల్ ఏ కంటికో అప్పటికప్పుడు మారుస్తాయి. కటకాల ఎడం, వాలు ఒక్కో తెరకూ విడిగా కొలవాల్సిందే. పైగా ప్లాస్టిక్ వేడికి గాజు కంటే చాలా ఎక్కువగా సాగుతుంది. ఏసీ గదిలో తీసిన కొలతలు మే నెల కడప మధ్యాహ్నానికి అచ్చంగా అలాగే ఉంటాయని నమ్మలేం. ఇరవైనాలుగు అంగుళాల ఫోర్‌కే తెరలో పిక్సెల్ లోపలి ఒక్కో రంగు చుక్క వెడల్పు మిల్లీమీటరులో సుమారు ఇరవయ్యో వంతు. కటకాల పొర ఆ మాత్రం జరిగినా కొలతలు మళ్లీ తీయాలి.